కుంట అడుగు నీళ్ళు

మార్చి 2

కుంట దగ్గరికి పోయి వచ్చాను. బస్సు కయత్తారు రోడ్డు మలుపులో దించింది, అక్కడి నుంచి నడక. శివరాత్రి వచ్చే మాసి నెల ఇంకా పోనేలేదు, అప్పుడే ఎండ చురుక్కుమంటోంది.

నీళ్ళు బాగున్నాయి. చెయ్యి ముంచి చూశాను. మోచెయ్యి మునిగేదాకా అరచెయ్యి కనిపించింది, ఆ తర్వాత లేదు. లేత పచ్చ, అందులో కాస్త గోధుమరంగు. ఇంతే ఉండాలి. చేపల శాఖ వాళ్ళ మీన్ల ఆఫీసు మేడం మొదటిసారే చెప్పింది – మోచేతికి ముందే చెయ్యి మాయమైతే నీళ్ళు పచ్చబడడానికి వేసే పేడ ఆపండి, మోచెయ్యి దాటినా కనిపిస్తుంటే కాస్త కలపండి అని. నేను అదే చేస్తున్నాను. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

కట్లా చేపలు గట్టు నీడలో గుంపుగా తిరుగుతున్నాయి. నల్లటి వీపులు. ఎవరికీ చెప్పను గానీ – చూస్తే కడుపు నిండుతుంది.

తమిళంలో రాస్తే ఇంట్లో అందరూ చదువుతారు. ఈ తెలుగు అక్షరాలు నాయన నేర్పినవి, ఈ ఇంట్లో ఇంకెవరికీ రావు. అందుకే ఇందులో.

మార్చి 5

గ్యాసు వచ్చింది. పాలవాడి లెక్క సరిపోయింది. కుంటకు పోలేదు.

మార్చి 9

మా ఆయన తమ్ముడు గురుసామి భోజనానికి వచ్చాడు. కోళ్ళ షెడ్డు పెద్దది చెయ్యాలట, చోటు చాలదట. రసం పోసుకుంటూ, నా వైపు చూడకుండా – "ఆ కుంట నేల సుమ్మా దాన్ పడుండాది కదన్నా."

సుమ్మా దాన్ – ఊరికేనే పడి ఉందట!

"దాంట్లో మీను తిరుగుతాండాయి" అన్నాను.

"మీనుకేం వదినా, యాడైనా ఈదుతాయి. నా కోళ్ళు ఈదలేవే."

ఆయనకు నవ్వొచ్చింది. చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పేశారు – "ఈ ఏడు చూద్దాం రా. మీను బతికి చేతికొస్తే కుంట దానిదే, నేను నోరెత్తను. చస్తే ఆ చోటు నీకు."

నన్ను అడగలేదు. ఆ నేల నాయన నాకిచ్చింది. పట్టా నా పేరు మీద ఉంది. అయినా ఇద్దరూ చేతులు తుడుచుకుంటూ పంచుకున్నారు.

వంటింట్లో నుంచే గట్టిగా అన్నాను – "అట్లే కానీండి. చేతికి తెస్తాను."

మార్చి 16

పంగుని నెల పుట్టింది. గాలిమరలు ఒక్కటీ తిరగడం లేదు, రెక్కలు చాపుకొని నిలబడి ఉన్నాయి.

కుంటలో నడుం లోతుకి దిగాను. నడుం దగ్గర స్నానానికి కాచిన నీళ్ళు... పాదాల దగ్గర బావి చలువ. పైన ఒక కుంట, కింద ఒక కుంట ఉన్నట్టుంది. నిరుడు ఇట్లా లేదే.

పక్క చేను లచ్చుమక్క మేకల్ని తోలుకొని వచ్చింది. "ముందంతా పంగునిలో రాత్రి దుప్పటి లేకుంటే నిద్ర రాదు చెల్లీ. ఇప్పుడు రాత్రి కూడా బండ కాలుతాండాది" అంది.

మార్చి 22

సాత్తూరులో చెల్లెలి కూతురి సీమంతానికి పోయి ఈరోజే వచ్చాను. పెట్టె కూడా విప్పలేదు, లచ్చుమక్క ఫోను. "మీ మరిది ట్రాక్టరు వచ్చిపోయింది చెల్లీ. కోళ్ళ పెంటంతా కుంటలో తోసి పోయినాడు."

వెంటనే పోయాను. గట్టు మీద పెంట జారిన తెల్లటి చాళ్ళు. నీళ్ళ మీద ఈకలు. పక్కన పడినదాన్ని పారతో లాగేశాను. మునిగినదాన్ని ఏం చెయ్యను?

గురుసామికి ఫోను చేశాను.

"సాయం చేసినా వదినా! బయట అమ్మితే దుడ్డు వస్తాది, నీకని ఊరికే పోసినా. చూస్తాండు, నీళ్ళు ఎంత పచ్చగా అయితాయో."

"నిన్నెవరు అడిగినారు?"

"అడిగితే చేసేది సాయమా?"

వాడి గొంతులో కపటం లేదు. నాకు అదే ఇంకా మంట. కపటం ఉంటే నాలుగు మాటలు అని తృప్తిపడేదాన్ని.

మార్చి 26

పేడ ఆపాను. తవుడు ఆపాను. కుంటలో ఇక నా చేత్తో ఏదీ వేసేది లేదు.

ఏప్రిల్ 1

పచ్చ. ఎంత పచ్చంటే – చుట్టూ పత్తి పీకేసి నెర్రెలిచ్చిన నల్లరేగడి, మధ్యలో ఒక్క పచ్చ బిళ్ళ. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకామె చెంపలు వేసుకుంది. "మహాలచ్చిమి మాదిరి ఉండాది."

ఇక్కడ ఈ నెలలో పచ్చగా కనిపించేది ఏదీ లేదు. అందుకే ఏది పచ్చగా ఉన్నా దండం పెడతారు. "ఇది మంచి పచ్చ కాదు" అన్నాను.

"పచ్చలో చెడ్డ పచ్చ కూడా ఉండాదా?" అని నవ్వారు.

గురుసామి ఫోటో తీసి ఆయనకు పంపాడట. ఆయన భోజనం దగ్గర – "చూసినావా, వాడి చెయ్యి పడితే."

చారు ఇంకో గరిట వేసి ఊరుకున్నాను. ఊరుకోవడమంటే ఒప్పుకోవడం కాదు.

ఏప్రిల్ 6

చెయ్యి ముంచితే మణికట్టు దగ్గరే వేళ్ళు మాయం.

ఏప్రిల్ 11

రంగు మారింది. ఆకుపచ్చ కాదు, గేటుకి వేసే పెయింటు. పొద్దున గాలి లేనప్పుడు మీగడలా తేలి ఉంది. కట్టెతో లాగితే తెర చీలినట్టు చీలి, మళ్ళీ మూసుకుంది. మట్టివాసన కాదు. మూసిపెట్టిన కొట్టంలో వాసన...

మేకల్ని దిగనివ్వలేదు. లచ్చుమక్కకు కోపం. "ఇన్నాళ్ళు తాగినాయే, ఇప్పుడు నీ కుంటకి కిరీటం వచ్చిందా?"

"ఈ నీళ్ళు మంచివి కాదక్కా."

"నీళ్ళు నీళ్ళే. మా యత్త కాలం నుంచి మేకలు దేన్నైనా తాగుతాయి."

"మీ యత్త కాలంలో ఈ రంగు చూసినావా?"

లచ్చుమక్క మేకల్ని తోలుకొని పోయింది, వెనక్కి తిరిగి చూడకుండా. ముళ్ళకంప లాగి గట్టు చుట్టూ వేశాను. చేతులంతా గీతలు.

ఏప్రిల్ 13

పాత నూలుచీర తీసుకుపోయాను. మధ్యాహ్నం కాస్త గాలి లేచి ఆ పెయింటునంతా తూర్పు మూలకు నెట్టింది. లచ్చుమక్క ఒక కొస పట్టింది – కోపంలోనే, ముఖం పక్కకు పెట్టుకొని, అయినా పట్టింది. చీరతో దేవి, తట్టలకెత్తి, గుంట తీసి పూడ్చాం. చీర ఇక దేనికీ పనికిరాదు.

మరుసటి పొద్దుటికి మళ్ళీ అంతే ఉంటుందని తెలుసు. ఉండనీ. మళ్ళీ దేవుతాను.

ఏప్రిల్ 15

పొద్దున లచ్చుమక్క ఫోను – "మీను నోరు తెరిచి పైకొస్తాండాయి చెల్లీ. గాలి కోసం తన్నుకులాడతాండాయి."

నేను పోయేసరికి ఎండ ఎక్కింది, అవి లోపలికి పోయాయి. రెండు మాత్రం గట్టుకి కొట్టుకొచ్చాయి, తెల్లటి పొట్టలు పైకి. తీసి పాతిపెట్టాను. ఇంట్లో చెప్పలేదు.

చెప్పను కూడా. చెప్తే ఆయన మరుక్షణం గురుసామికి ఫోను చేస్తారు. చచ్చింది రెండు. కుంట చావలేదు.

ఏప్రిల్ 17

విరుదునగరం. అన్న కూతురు విజయ అక్కడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తుంది. కుంటనీళ్ళు సీసాలో పట్టి, తడిగుడ్డ చుట్టి తీసుకుపోయాను. బస్సులో పక్కనామె – ఏదైనా కషాయమా అని అడిగింది. ఆమా, అవునన్నాను.

విజయ ల్యాబులో మురుకులు నములుతూ కూర్చుంది. "రా అత్తా. సెలవుల్లో నన్ను పలకరించే మనిషివి నువ్వు దాన్. నువ్వు కూడా సీసా పట్టుకొచ్చినావు."

తై నెలలో, పొంగలికి, మా కుంటకు వచ్చినప్పుడు పట్టుకుపోయిన నీళ్ళు ఆమె మందు వేసి దాచింది. పిల్లలకు చూపించడానికట. మొదట అదే చూపించింది.

నేను కన్ను ఆనించాను... ఏమని రాయను? నేను ఏడాదిగా పెంచుతున్నది మీనునే అనుకున్నాను. ఒక్క చుక్కలో ఊరుంది. ఒంటికన్ను పురుగు ఒకటి, తోకకు అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు – పిల్లల తల్లి. ఇంకొకటి చిక్కుడు గింజ ఆకారంలో, ఒళ్ళంతా అద్దం, లోపల తిన్న పచ్చ పేగులో కనిపిస్తోంది. ఈ రెండూ బతికున్నప్పుడు గెంతుతూ తిరుగుతాయట. గాజు పడవల్లాంటివి, వాటి మీద సన్నటి గీతలు, ముగ్గు వేసినట్టు. వీటన్నిటికీ కలిపి ప్లాంక్టన్ అని పేరట. ఎదురీదలేవు, నీళ్ళు ఎటు పోతే అటు.

"ఆ గెంతేవి దాన్ కట్లాకు అన్నం" అంది.

తర్వాత నా సీసాలో చుక్క. గెంతేవి లేవు. పడవలు లేవు. చిన్న చిన్న గుండ్లు, జిగురులో ముద్దలు ముద్దలుగా, ఎక్కడ చూసినా అవే. మధ్యలో పిసరంత పురుగు ఒకటి, తల దగ్గర చక్రం తిప్పుకుంటూ ఒంటరిగా తిరుగుతోంది. తక్కినవాళ్ళంతా ఊరు విడిచి పోయారు.

"ఇది నీలిపచ్చ నాచు అత్తా. ఎండ ఎంత ఎక్కితే దీనికంత బలం. మిగతావాటికి ఆ వేడి పడదు. పెంటలో ఉండే సత్తువంతా ఇదే తినేస్తాది. గాలి లేకుంటే పైకి తేలి మూతేస్తాది, కిందవాటికి వెలుగు ఉండదు. ఆ గెంతేవి దీన్ని తినలేవు, ముద్ద గొంతు దిగదు. కొంచెం విషం కూడా."

"ఎండ వల్లనా, పెంట వల్లనా?"

"రెండూ దాన్. పెంట ఒక్కటే అయితే కొంచెం తట్టుకునేది. ఎండ ఒక్కటే అయినా తట్టుకునేది. రెండూ కలిసి వచ్చినాయి." సముద్రంలో, ఏరుల్లో, చెరువుల్లో అంతటా ఇదే కథ నడుస్తోందట. పొలాల ఎరువూ ఊళ్ళ మురుగూ ఒకపక్క, వేడి ఒకపక్క.

లోకమంతటికీ నేను జవాబు చెప్పలేను. నాది ఒక్క కుంట.

వచ్చేటప్పుడు బస్టాండులో ఆమె ఇంకో మాట చెప్పింది. అది రాయకుండా పడుకోలేను. "జాగ్రత్త అత్తా. పైన ఉండే వేడినీళ్ళు మూత మాదిరి. అడుగున చల్లనీళ్ళలో పెంట కుళ్ళుతాండాది, దాంట్లో గాలి ఉండదు. వాన పడి పైనీళ్ళు చల్లబడితే మూత ఊడిపోయి అడుగునీళ్ళు పైకొస్తాయి."

"వస్తే?"

"ఒక్క పూటలో కుంటంతా పోతాది."

వాన వస్తే పోతాయి! ఈ నేలలో పుట్టినవాళ్ళు వాన రావద్దని ఎప్పుడైనా కోరుకున్నారా?

"ఆ అడుగునీళ్ళు తీసేస్తే?" అన్నాను.

"తీసేస్తే మంచిదే. మీ ఊళ్ళో నీళ్ళు పారబోసే మనిషి యాడుండాడు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. బస్సు ఎక్కాక నవ్వు ఆగిపోయింది.

ఏప్రిల్ 20

గురుసామి నాచు చంపడానికని మైలుతుత్తం సంచి తెచ్చాడు. అంగడివాడు చెప్పాడట – "ఇది కరిగించి చల్లితే తెల్లారేసరికి అద్దం మాదిరి అయితాది వదినా."

అద్దం అవుతుంది. ఆ నాచంతా ఒక్కసారి చచ్చి అడుగుకి చేరి కుళ్ళుతుంది. ఉన్న కాస్త గాలీ అదే తాగేస్తుంది. మీను అద్దంలో చస్తాయి.

"వద్దు."

"నువ్వు వద్దంటే నేను..."

"గురుసామీ, ఈసారి నేను లేనప్పుడు ఈ గట్టెక్కితే మరిది అని చూడను. పోలీసు స్టేషను బస్టాండు పక్కనే ఉండాది."

బిత్తరపోయాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో వాడితో ఎప్పుడూ ఇట్లా మాట్లాడలేదు. సంచి ఎత్తుకొని పోయాడు. పోతూ లచ్చుమక్కతో – "ఎండకి వదినకి పైత్యం ఎక్కింది." లచ్చుమక్క – "ఎక్కనీ, నీకేం."

రాత్రి ఆయన నా వైపు వీపు పెట్టి తిన్నారు. దోసెలు మాత్రం ఎప్పటిలాగే.

ఏప్రిల్ 24

వల వేయించి చూశాను. కట్లాలు – తల పెద్దది, వెనక ఒళ్ళు లేదు. నిండా పచ్చటి చిక్కటి నీళ్ళలో ఆకలితో ఉన్నాయి. వలవాడు – "ఉన్నకాడికి అమ్మేసెయ్ అక్కా, ఎముకలైనా మిగులుతాయి."

కొన్ని తీయించాను, ఒత్తిడి తగ్గుతుందని. మిగతావి వదిలేశాను. ఇవి కొవ్వు పట్టేదాకా కదలను.

ఏప్రిల్ 28

చీరతో దేవాం. రోజూ ఇదే. లచ్చుమక్క ఇప్పుడు పిలవకుండానే వస్తోంది.

మే 1

టీవీలో – వారంలో కోడవాన, ఎండాకాలపు వాన. ఆయన ఉత్సాహంగా శబ్దం పెంచారు. వీధిలో ఎవరో ఈల వేశారు. ఊరంతా పండుగ.

పొద్దున నడుం లోతుకి దిగి చూశాను. పైన ఒళ్ళు కాలుతోంది. పాదాల దగ్గర చలువ – ఆ చలువ ఇప్పుడు జిగురుగా ఉంది. కాలు ఎత్తితే బుడగలు. కుళ్ళిన గుడ్డు వాసన.

నిర్ణయించుకున్నాను. పారబోస్తాను.

మే 2

మోటారు పీల్చే గొట్టం ఎప్పుడూ పైన తేలుతూ ఉంటుంది, తేట నీళ్ళు రావడానికి, పీపా కట్టి. పీపా కోసేశాను. గొట్టం కొసకి రుబ్బురాయి కట్టి కుంట మధ్యలో అడుగుకి దించాను. లచ్చుమక్క చూస్తూ – "ఏంటికి చెల్లీ, బురద పీలుస్తాది కదా?"

"బురదే కావాల."

మోటారు వేశాను. నా బీడులోకి, పంట లేని నల్లరేగడిలోకి నీళ్ళు. నీళ్ళు కాదు – నల్లగా, నురుగుతో, కంపు.

కాసేపటికి మనుషులు పోగయ్యారు. ఇట్లాంటిది ఎవరూ చూసి ఉండరు. నడివేసవి కత్తిరి ఎండ రాకముందే, బోరు సన్నధార మాత్రం ఇచ్చే ఊళ్ళో, ఒక మనిషి నిండు కుంటను బీడులోకి వదులుతోంది. ఒకాయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకొని – "ఏం రాజమ్మక్కా, నీళ్ళకి పిండం పెడతాండావా?"

"పెట్టకుంటే మీనుకి పెట్టాల్సి వస్తాది."

"బిందెడు నీళ్ళకి మా ఇంటామె కుళాయి కాడ జుట్లు పట్టుకుంటాది, నువ్వు..." అని ఇంకొకతను. అతను అన్నదాంట్లో తప్పు లేదు. నాకూ గుండెలో ముల్లు గుచ్చినట్టే ఉంది. పుట్టినప్పటి నుంచి బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యనిదాన్ని. అవి కూరమొక్కలకి, గిన్నెలు కడిగినవి కొబ్బరిచెట్టుకి. ఆ చేతులే ఇప్పుడు మోటారు స్విచ్చు మీద.

గురుసామి వచ్చాడు. ముక్కు మూసుకున్నాడు. "ఇదేంది, ఇట్ల కంపు కొడతాది?"

"నీ సాయం దాన్ ఇది."



మే 3

ఆయన బజారులో తన కొట్టు మూసేసి కుంట దగ్గరికే వచ్చారు. నాకు తెలిసి ఈ గట్టు ఎక్కడం ఇదే మొదలు. చెప్పులు బురదలో ఇరుక్కున్నాయి.

"ఆపు మోటారు. ఊరంతా నవ్వుతాండారు."

"నవ్వనీండి. ఈ కంపుకి నోరు మూసుకొని నవ్వాల."

"వాన వస్తాదని టీవీలో చెప్తాండారు, నువ్వు ఉండే నీళ్ళు పోస్తాండావు. రాకపోతే?"

వాన వస్తే మీనుకు గండం. వాన రాకపోతే సగం కుంటకు గండం. రెండూ తెలిసే మోటారు వేశాను. అదే చెప్పాను. ఇట్లా ఇన్ని మాటలు ఆయనతో వరుసగా చెప్పిన గుర్తు లేదు – పైనీళ్ళు, అడుగునీళ్ళు, మూత, ఒంటికన్ను పురుగు, అన్నీ. ఆయన వింటున్నారో లేదో. ఆఖరున – "ఇంత తెలిసినదానివి నాకు ముందే ఏంటికి చెప్పలేదు?"

"మీరు పందెం కట్టేటప్పుడు నన్ను అడిగినారా?"

చెప్పులు చేత్తో లాక్కొని వెళ్ళిపోయారు. నేను మోటారు ఆపలేదు.

మే 4

కుంట సగమైంది. గొట్టంలో నలుపు తగ్గి బూడిదరంగు వస్తోంది. ఆపాను. ఇంకా తీస్తే మీను ఎండకి ఉడుకుతాయి.

గాలి లేదు. ఒళ్ళు అంటుకుపోయే ఉక్క. నైరుతిలో మబ్బు, నల్లగా, కదలకుండా.

ఇంటికి పోలేదు. లచ్చుమక్క కొట్టంలో చాప. ఆమె మిరపకాయ తొక్కు, జొన్న కూడు. మంచి నిద్ర పట్టింది. ఆశ్చర్యం.

మే 5

సాయంత్రం, వెలుగు పోకముందే రాస్తున్నాను. చేతులు తడి, అక్షరాలు వంకర.

మధ్యాహ్నం దాటాక వాన. చినుకు కాదు, ఒక్కసారిగా. ఊళ్ళో నుంచి కేకలు, సంతోషంతో. మొదటి ఉరుముకే కరెంటు పోయింది. అంతకు ముందే గొట్టం ఎత్తి కుంటనీళ్ళే పైకి చిమ్మి మళ్ళీ కుంటలో పడేట్టు కట్టి ఉంచాను, గాలి కలవాలని. మోటారు మూగబోయింది.

నీళ్ళ రంగు నా కళ్ళ ముందే మారింది. పచ్చ చీలి, కింద నుంచి గోధుమరంగు పొగలా లేచింది. ఇంకా మిగిలింది ఉంది అడుగున. అంతా తీశాననుకున్నాను.

మీను పైకి వచ్చాయి. అన్నీ. వాన చుక్కల మధ్య నోళ్ళు.

దిగాం. నేనూ లచ్చుమక్కా, పొడుగు కట్టెలతో నీళ్ళు బాదుతూ, బిందెతో ఎత్తి పోస్తూ. చీర కుచ్చిళ్ళు దోపుకొని ఇద్దరం... ఎవరైనా చూస్తే దయ్యాలనుకుంటారు. లచ్చుమక్క బాదుతూ నన్నే తిడుతోంది – "మేక పెంచుకోకూడదా చెల్లీ, మేకకి గాలి మనం పోయక్కరలే!"

ఒక చేత్తో గురుసామికి ఫోను చేశాను. "వాన వదినా! కుంట నిండుతాది!" అని అరుస్తున్నాడు అవతల.

"కోళ్ళ షెడ్డు డీజిల్ ఇంజను తీసుకొని రా. ఇప్పుడే."

"ఈ వానలోనా? నా కోళ్ళకి..."

"పెంట పోసేటప్పుడు అడక్కుండా వచ్చినావు. ఇప్పుడు అడిగినాను. రా."

పెట్టేశాను. వస్తాడని అనుకోలేదు. కట్టె తీసుకొని మళ్ళీ బాదాను.

వచ్చాడు. ట్రాక్టరు మీద ఇంజను, దాని పక్కన గొడుగు పట్టుకొని ఆయన. ఇద్దరూ మాట్లాడకుండా దించారు. ఇంజను పట్టుకుంది. నీళ్ళు గట్టంత ఎత్తుకి లేచి పడుతున్నాయి. ఆ ధార కిందికి మీను చేరుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

గట్టు వెంట తెల్లటి పొట్టలు. ఏరి తట్టలో వేశాను. లెక్కపెట్టలేదు. గురుసామి ఆ తట్ట వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు చూశాడు. నేను చూస్తూనే ఉన్నాను.

"అన్నా... పందెం..." అన్నాడు నెమ్మదిగా.

ఆయన ఏమంటారో అని ఆగలేదు. "పందెం మీ ఇద్దరి మధ్య. నేల నా పేరు మీద. మీను అన్నీ చచ్చినా ఈ గట్టు దిగను. మళ్ళీ పిల్లల్ని వదులుతాను. ఇంజను ఆపినావంటే మాత్రం ఊరుకోను."

ఆయన గొడుగు తన తల మీది నుంచి తీసి ఇంజను మీద పట్టారు.

ఇప్పుడు వాన ఆగింది. మీను ఇంకా పైనే ఉన్నాయి, కొన్ని. కొన్ని లోపలికి పోయాయి – బతికి పోయాయో, మునిగి పోయాయో తెలియదు. విజయ చెప్పింది, రాత్రంతా నీళ్ళలో గాలి తగ్గుతూ పోయి అసలు గండం తెల్లవారుజామునే అని. ఆయన ఇంటికి పోదాం అంటున్నారు, తడిబట్టలతో జ్వరం వస్తుందని. రాను అన్నాను. గురుసామి డీజిల్ తేవడానికి పోయాడు. పోయినవాడు తిరిగి వస్తాడో లేదో.

నైరుతిలో మళ్ళీ ఉరుము. లచ్చుమక్క కట్టె నా చేతికిస్తోంది.